సి ప్రోగ్రామ్ నుంచి ఆర్కైవ్ ఫైళ్లు చదవబోయే ముందు

చిరంజీవికి ఆశీస్సులు.

అనేక ఫైళ్లను ఒకే మూటగా కట్టే టార్, జిప్ ఆర్కైవ్‌లను డిస్క్ మీద విప్పకుండానే, లోపల ఉన్నవాటిని సి ప్రోగ్రామ్ నుంచి నేరుగా చదవాలనుకుంటున్నానని, ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పమని రాశావు. లైబ్రరీ పేరు ఒక్కటి చెప్పి ఊరుకుంటే ఈ పూటకు నీ పని జరిగిపోతుంది గానీ, రేపు ఎవరో పాడైన ఫైలు పంపినప్పుడు ప్రోగ్రామ్ ఎందుకు కూలిందో అంతుచిక్కదు. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను. ఆర్కైవ్ తన గురించి తాను చెప్పుకునే పేరునూ సైజునూ సరిచూసుకోకుండా నమ్మకూడదన్నది ఈ ఉత్తరమంతటా నేను మళ్లీ మళ్లీ చెప్పబోయే మాట.

ముందుగా లైబ్రరీ జోలికి పోకుండా, కంప్రెస్ చేయని చిన్న టార్ ఫైలును నీ సొంత కోడ్‌తో చదివి చూడు. టార్ నిర్మాణం సరళమైనది. ఫైలంతా 512 బైట్ల బ్లాకులుగా ఉంటుంది. ఒక్కో ఎంట్రీకి ముందు ఒక హెడర్ బ్లాకు, దాని వెనుక డేటా, చివరి బ్లాకు నిండకపోతే దాన్ని నింపే పూరకం. హెడర్‌లో మొదటి 100 బైట్లు పేరుకు కేటాయించారు. సున్నా నుంచి లెక్కపెడితే 124వ బైట్ దగ్గర మొదలయ్యే 12 బైట్లలో సైజు ఉంటుంది. మామూలుగా దాన్ని ఆక్టల్ (ఎనిమిది ఆధారంగా లెక్కించే) అంకెల అక్షరాలుగా రాస్తారు. ఉదాహరణకు 1000 బైట్ల ఫైలుకు అక్కడ 1750 అని కనిపిస్తుంది. ఆ డేటా రెండు బ్లాకులు, అంటే 1024 బైట్లు ఆక్రమిస్తుంది కాబట్టి, అది మొదటి ఎంట్రీ అయితే తర్వాతి హెడర్ 1536వ బైట్ దగ్గర మొదలవుతుంది. ఈ లెక్క ఒకసారి చేత్తో వేసి, ఫైలులోని బైట్లను అంకెలుగా చూపే హెక్స్ డంప్‌లో కళ్లతో చూసుకుంటే టార్ గురించిన భయం పోతుంది. 148వ బైట్ దగ్గర, హెడర్ పాడైందో లేదో సరిచూసుకునే 8 బైట్ల చెక్‌సమ్ ఉంటుంది; సరిచూసేటప్పుడు ఆ 8 బైట్ల స్థానంలో స్పేస్ అక్షరాలు ఉన్నట్టు భావించి మొత్తం 512 బైట్లనూ కూడాలి. ఆర్కైవ్ చివర పూర్తిగా సున్నాలతో నిండిన రెండు బ్లాకులు వస్తాయి.

ఇంత చిన్న నిర్మాణంలోనూ ఒక గొయ్యి ఉంది. పేరు సరిగ్గా 100 బైట్లు ఉంటే దాని చివర సున్నా బైట్ ఉండదు. దాన్ని మామూలు సి స్ట్రింగ్ అనుకుని స్టర్‌కాపీకి (strcpy) ఇస్తే, అది పక్కనున్న ఫీల్డులోకి వెళ్లి చదువుతూ పోతుంది. అలాగే ఫైలును ఎఫ్‌ఓపెన్‌తో తెరిచేటప్పుడు బైనరీ మోడ్ అడగడం మరచిపోవద్దు. విండోస్‌లో టెక్స్ట్ మోడ్ లైన్ చివరలను మార్చేస్తుంది, 26 విలువ గల బైట్ తగిలితే ఫైలు అయిపోయిందని కూడా అనుకుంటుంది.

జిప్ సంగతి వేరు. దాన్ని చివరి నుంచి చదవాలి. లోపల ఏమేమి ఉన్నాయో చెప్పే సెంట్రల్ డైరెక్టరీ ఫైలు చివర ఉంటుంది. అది ఎక్కడ మొదలవుతుందో చెప్పే ముగింపు రికార్డు దాని తర్వాత ఉంటుంది. ఆ రికార్డు కనీసం 22 బైట్లు, దాని వెనుక 65535 బైట్ల వరకు వ్యాఖ్య ఉండవచ్చు, కాబట్టి ఫైలు చివరి నుంచి వెనక్కి వెతుక్కుంటూ రావాలి. మొదటి నుంచి వరుసగా చదువుతానంటే, కొన్ని జిప్‌లలో ఎంట్రీ ముందున్న హెడర్‌లో సైజు సున్నాగా ఉండి, అసలు సైజు డేటా అయిపోయాక వస్తుంది. వెనక్కి వెళ్లి చదవడం కుదరని పైప్ నుంచి వచ్చే టార్‌ను సుఖంగా చదవగలిగి, అదే పైప్ నుంచి వచ్చే జిప్ దగ్గర ఇబ్బంది పడటానికి కారణం ఇదే.

ఇంత తెలిశాక సొంత కోడ్ పక్కన పెట్టి లైబ్రరీ వాడు. డీకంప్రెషన్, పెద్ద ఫైళ్ల కోసం వచ్చిన జిప్64, పొడవైన పేర్లకు వచ్చిన రకరకాల పొడిగింపులు, ఇవన్నీ ఒక్కడివే రాయబూనడం వృథా శ్రమ. జిప్ ఒక్కటే కావాలి, అందులో కోరిన ఎంట్రీ దగ్గరికి నేరుగా వెళ్లాలి అంటే లిబ్‌జిప్ చాలు. టార్, జిప్, సీపియో, ఐఎస్‌ఓ వంటి ఫార్మాట్లు ఏవి వచ్చినా చదవాలంటే లిబ్‌ఆర్కైవ్ తీసుకో. దీన్ని మొదట టిమ్ కీంట్జ్‌లే ఫ్రీబీఎస్‌డీ అనే ఆపరేటింగ్ సిస్టమ్ కోసం రాశాడు. నీ అవసరానికి ఇదే తగినదని నా అభిప్రాయం.

లిబ్‌ఆర్కైవ్‌తో చదివే క్రమం ఇలా ఉంటుంది: రీడర్ ఆబ్జెక్ట్ సృష్టించడం, ఏ ఫిల్టర్లు (అంటే కంప్రెషన్ రకాలు), ఏ ఫార్మాట్లు అంగీకరిస్తావో చెప్పడం, ఫైలు తెరవడం, తర్వాతి హెడర్ అడగడం, కావాలంటే డేటా చదవడం, చివర ఆబ్జెక్ట్‌ను విడుదల చేయడం. డేటా అక్కరలేని ఎంట్రీ అయితే తర్వాతి హెడర్ అడిగితే చాలు, మిగిలినది లైబ్రరీయే దాటవేస్తుంది.

ఇక్కడ చాలామంది తర్వాతి హెడర్ అడిగే ఫంక్షన్ "ఓకే" ఇచ్చినంతసేపూ తిరిగేలా లూప్ రాసి, అది ఆగగానే ఆర్కైవ్ ముగిసిందని భావిస్తారు. ఓకే విలువ 0, ఫైలు ముగింపు విలువ 1, హెచ్చరిక -20, విఫలం -25, ప్రాణాంతక దోషం -30. లూప్ ముగింపు వల్ల ఆగిందా, సగంలో పాడైన బ్లాకు వల్ల ఆగిందా అన్నది ఆ లూప్ చెప్పదు. హెచ్చరిక వస్తే, చదవదగిన ఎంట్రీ ఉండగానే ఆగిపోతుంది. వాడుకరికి సగం జాబితా చూపించి "అంతా చదివాను" అనే ప్రోగ్రామ్, కూలిపోయే ప్రోగ్రామ్ కంటే ప్రమాదకరమైనది. అందుచేత వచ్చిన విలువను దాచుకుని, ముగింపు అయితేనే విజయమని ప్రకటించు. హెచ్చరిక అయితే దోష సందేశాన్ని నమోదు చేసి ముందుకు సాగు. ప్రాణాంతకమైతే అక్కడితో ఆపు.

డేటా చదివే ఫంక్షన్ ఎన్ని బైట్లు ఇచ్చిందో చెబుతుంది, దోషం వస్తే రుణ సంఖ్య ఇస్తుంది. ఆ ఫలితాన్ని గుర్తులేని (unsigned) రకంలో పెట్టుకుంటే రుణ సంఖ్య అతి పెద్ద ధన సంఖ్యగా మారి, నీ తర్వాతి లైను బఫర్ దాటి రాస్తుంది. కంపైలర్ హెచ్చరికలన్నీ ఆన్ చేసి ఉంచితే ఇలాంటివి చాలావరకు ముందే బయటపడతాయి.

హెడర్‌తో పాటు నీకు ఇచ్చే ఎంట్రీ ఆబ్జెక్ట్ లైబ్రరీ సొత్తు, దాన్ని నువ్వు ఫ్రీ చేయకూడదు. దాని నుంచి తీసుకున్న పేరు పాయింటర్ కూడా తర్వాతి హెడర్ అడిగేదాకే చెల్లుతుంది; జాబితాలో దాచుకోవాలంటే కాపీ చేసుకో. ఆ పాయింటర్ నల్ కావచ్చని కూడా గుర్తుంచుకో. ఇంగ్లీషు కాని అక్షరాలున్న పేర్లను ప్రస్తుత లొకేల్‌లోకి (ప్రోగ్రామ్ వాడే భాష, అక్షరాల అమరికలోకి) మార్చలేకపోతే అలా జరుగుతుంది. ప్రోగ్రామ్ మొదట్లోనే సెట్‌లొకేల్ పిలవడం దీనికి మొదటి చికిత్స.

ఆర్కైవ్ ప్రకటించిన సైజును చూసి అంత మెమరీ మాలాక్‌తో కేటాయించవద్దు. ఆ సంఖ్యను ఎవరైనా ఏదైనా రాసి ఉండవచ్చు, కొన్నిసార్లు అసలు ఉండకపోవచ్చు. స్థిరమైన బఫర్‌తో ముక్కలుగా చదువుతూ, మొత్తం ఎంతైందో లెక్కపెట్టుకుంటూ, నువ్వు పెట్టుకున్న పరిమితి దాటగానే ఆపెయ్యి. దాదాపు 42 కిలోబైట్లే ఉండి, లోపలి పొరలన్నీ విప్పితే 4.5 పెటాబైట్లకు పెరిగే జిప్ ఫైలు ఒకటి ప్రసిద్ధం.

ఇప్పుడు చదవడమే అంటున్నావు గానీ, ఏదో ఒక రోజు డిస్క్ మీదికి విప్పమని అడుగుతారు. అప్పుడు పేరులో రెండు చుక్కలతో పై డైరెక్టరీకి ఎక్కే మార్గాలు, స్లాష్‌తో మొదలయ్యే పూర్తి మార్గాలు, బయటికి చూపే సింబాలిక్ లింకులు, ఈ మూడింటినీ తిరస్కరించు. మొదటి రెండింటినీ తిరస్కరించడానికీ, లింకు గుండా వేరేచోట రాయకుండా ఆపడానికీ లిబ్‌ఆర్కైవ్‌లో విడివిడిగా ఫ్లాగులున్నాయి, కానీ వాటంతటవే అమలు కావు, నువ్వే అడగాలి.

కోడ్ రాశాక మంచి ఫైలుతో పరీక్షించి సంతోషపడిపోకు. అదే ఫైలును సగానికి కత్తిరించి ఒకసారి, మధ్యలో ఒక బైట్ మార్చి ఒకసారి, ఖాళీ ఫైలుతో ఒకసారి, మెమరీ తప్పులను పట్టే అడ్రస్ శానిటైజర్ ఆన్ చేసి నడుపు. నువ్వు స్వయంగా రాసిన టార్ రీడర్‌ను కూడా ఇదే పరీక్షకు పెట్టి, రెండింటి ఫలితాలనూ కోడ్‌తో సహా నాకు పంపు. చెక్‌సమ్ భాగాన్ని ముందుగా చూస్తాను.

ఇట్లు,
నీ శ్రేయోభిలాషి