బీర్‌లో పంచదార వేస్తే పచ్చి యాపిల్ వాసన వస్తుందా?

ఇంట్లో బీర్ చేసుకునే కిట్‌తో వచ్చిన కాగితంలో మాల్ట్ సిరప్‌కి (మొలకెత్తించిన బార్లీ నుంచి తీసిన పాకం) తోడు కిలో డెక్స్‌ట్రోజ్ (గ్లూకోజ్ పొడి) వేయమన్నారు, దాని బదులు మామూలు పంచదార వేస్తే బీర్ పాడవుతుందా అని అడిగారు. పాడవదు, ధైర్యంగా వేసుకోండి. ఈ మాట ఇంత గట్టిగా చెప్పడానికి నాకు రెండేళ్లు పట్టింది.

నా మొదటి బకెట్ 20 లీటర్లు. కిలోన్నర సిరప్, కిలో పంచదార, డబ్బా మూత కింద దొరికిన, పులియబెట్టే ఈస్ట్ చిన్న ప్యాకెట్. మూడో రోజుకి బకెట్‌కి అంటించిన థర్మామీటర్ పట్టీ 29 డిగ్రీలు చూపించింది. బుడగలు గుబగుబా వస్తుంటే భలే పులుస్తోందని సంబరపడ్డాను. నెల తర్వాత సీసా తెరిచి పోస్తే, గ్లాసు నిండేలోపే నురగంతా అణిగిపోయింది. ముక్కు దగ్గర పెడితే అప్పుడే కోసిన పచ్చి యాపిల్ వాసన, నోట్లో పోసుకుంటే నీళ్ల పలచన. ఎవరిని అడిగినా ఒకటే మాట: "పంచదార వేశావా? అదే మరి." నమ్మేశాను. ఆ తర్వాత ఏడాదిపాటు డెక్స్‌ట్రోజ్ తప్ప ఇంకోటి ముట్టుకోలేదు. అయినా ఆ ఏడాదిలో అదే వాసన ఇంకో రెండుసార్లు వచ్చింది.

అప్పుడు పట్టుబట్టి తేల్చుకున్నాను. ఒకే వోర్ట్ (ఇంకా పులియని మాల్ట్ నీళ్లు) కాచి రెండు బకెట్లలో పదేసి లీటర్లు పోశాను. ఒకదాంట్లో 300 గ్రాముల పంచదార, రెండోదాంట్లో 345 గ్రాముల డెక్స్‌ట్రోజ్. డెక్స్‌ట్రోజ్ పొడిలో దాదాపు 9 శాతం నీరే ఉంటుంది, ఆ తేడాలో ఎక్కువ భాగం అందుకే. ఈస్ట్ రెండింటికీ సమానంగా తూచి వేసి, 19 డిగ్రీలు దాటకుండా కాపలా కాశాను. చివరికి సాంద్రత కొలిచే హైడ్రోమీటర్ రెండింట్లోనూ 1.008 దగ్గరే ఆగింది, అంటే రెండూ సమానంగా పులిశాయి. సీసాలు సిద్ధమయ్యాక మూడు గ్లాసులు పోసి, "బావా, ఇందులో రెండు ఒకటే, మూడోది వేరు. ఏదో చెప్పు" అన్నాను. ఆయన ఒక్కోటీ వాసన చూశాడు, గుక్క తాగాడు, మళ్లీ మొదటి గ్లాసుకొచ్చాడు. చివరికి చూపించింది తప్పు గ్లాసు. తర్వాత ఆయన పోసిచ్చాడు, నేనూ తప్పే చెప్పాను. యాపిల్ వాసన ఏ గ్లాసులోనూ లేదు. నా మట్టుకు వాదన అక్కడితో ముగిసింది.

పంచదార అంటే గ్లూకోజూ ఫ్రక్టోజూ జంటగా అతుక్కున్నదే. ఈస్ట్ దగ్గరున్న ఇన్వర్టేజ్ అనే ఎంజైమ్ ఆ జంటను ఇట్టే విడగొడుతుంది. నిమ్మరసం పిండి, పాకం కాచి 'ఇన్వర్ట్' చేసి, అంటే ఆ జంటను ముందే విడగొట్టి మరీ వేయమనే సలహా వింటే నాకు ఒళ్లు మండుతుంది. ఈస్ట్ ఊరికే చేసిపెట్టే పనికి మనం పొయ్యి దగ్గర నిలబడటం దేనికి? పాకం ముదిరితే వచ్చే రంగూ రుచీ కావాలంటే అది వేరే సంగతి.

ఆ యాపిల్ వాసన అసిటాల్డిహైడ్‌ది. చక్కెర ఆల్కహాల్‌గా మారే దారిలో చివరి మెట్టుకు ముందు పుట్టేది అదే. ఈస్ట్ నీరసంగా ఉంటే పని పూర్తిచేయకుండా దాన్ని అలాగే వదిలేస్తుంది. నా బకెట్‌లో జరిగింది అదే: చిటికెడు ఈస్ట్, 29 డిగ్రీల వేడి, తిండేమో సగానికి సగం పంచదార. ఈస్ట్ బలానికి కావలసిన నత్రజని మాల్ట్‌లో ఉంటుంది, పంచదారలో లేదు, డెక్స్‌ట్రోజ్‌లోనూ లేదు. రెండూ పూర్తిగా పులిసిపోతాయి కాబట్టి ఏది వేసినా బీర్ పలచబడుతుంది. 20 లీటర్లలో కిలో పంచదార వేస్తే ఆల్కహాల్ దాదాపు 3 శాతం పెరుగుతుంది గానీ నోటికి తగిలేదేమీ మిగలదు. కిలోన్నర సిరప్‌కి కిలో చక్కెర అని అచ్చేసేవాళ్ల మీద నా కోపం అందుకే. మాల్ట్‌లోని చక్కెరతో కలిపి లెక్కేస్తే, విడిగా వేసే చక్కెర మొత్తంలో ఐదో వంతు దాటనివ్వకండి, మిగతాది మాల్టే వేయండి. ట్రిపెల్ అనే ఘాటైన బెల్జియం బీర్లలో పంచదార పడుతుంది, తీపి మిగలని ఆ పొడిరుచి దానివల్లే. బ్రిటన్‌లో 1847లోనే బీర్‌కి చక్కెర వాడొచ్చని చట్టం చేశారు.

తేనె వేస్తే మరిగేటప్పుడు వేయకండి, సువాసనంతా ఆవిరైపోతుంది. పాలలో ఉండే చక్కెర లాక్టోజ్‌ని బీర్ ఈస్ట్ ముట్టుకోదు, కాస్త తీపీ చిక్కదనమూ కావాలంటేనే వేసుకోండి. సీసాల్లో గ్యాస్ కోసమైతే లీటరుకి 6 గ్రాముల పంచదార చాలు, కాకపోతే హైడ్రోమీటర్ మూడు రోజులు కదలకుండా ఉన్నాకే.

ఇంతకీ మీ బకెట్ పెట్టే గదిలో రాత్రీ పగలూ ఎన్ని డిగ్రీలుంటోంది? కిందే రాయండి, ఏ ఈస్ట్ ఎంత వేయాలో చెబుతాను.