హెల్పరా, ఫిట్టరా? కాగితం మీద ఏం రాశారో చూడండి

ప్రశ్న: మాది ఒడిశాలోని రాయగడ. మా అబ్బాయి ఐటీఐ ఫిట్టర్ పాసయ్యాడు. ఊరి దగ్గర ఫ్యాక్టరీలో కాంట్రాక్టరు కింద నెలకు పదహారు వేలు ఇస్తామంటున్నారు. కొరాపుట్ జిల్లాలో ఒక పెద్ద ప్లాంటువాళ్లు ఏడాది అప్రెంటిస్‌గా రమ్మన్నారు, స్టైపెండ్ తక్కువ. ఎటు పంపమంటారు?

జవాబు: ఏడాదిపాటు ఇల్లు గడుస్తుందనుకుంటే అప్రెంటిస్‌గానే పంపండి. కాంట్రాక్టరు సూపర్‌వైజరుకి ఆ పూట పని గడిస్తే చాలు. గ్రీజు పెట్టేవాడు దొరికితే ఏళ్ల తరబడి అక్కడే ఉంచేస్తాడు. పంపు విప్పి బేరింగ్ మార్చేది పర్మినెంట్ ఫిట్టరు, స్పానర్ అందించేది మీవాడు. మూడేళ్లయ్యాక మరోచోట డయల్ గేజ్ (సూక్ష్మమైన తేడాలు కొలిచే పరికరం) చేతికిచ్చి కప్లింగ్ అలైన్‌మెంట్, అంటే మోటారు, పంపు షాఫ్టులు ఒకే వరుసలోకి తేవడం, చెయ్యమంటే చెయ్యి ఆడదు. పైగా కాగితాల్లో ‘హెల్పర్’ అని ఉంటే ఆ మూడేళ్లూ ఫిట్టర్ అనుభవంగా చూపించుకోలేడు.

అప్రెంటిస్‌షిప్‌లోనూ మెలికలున్నాయి. 1961 నాటి అప్రెంటిస్‌ల చట్టం ప్రకారం చేరిన అప్రెంటిస్‌కు పీఎఫ్ ఉండదు, తర్వాత ఉద్యోగం ఇచ్చి తీరాలనీ లేదు. ఒప్పందం ప్రభుత్వ పోర్టల్‌లో నమోదైతేనే చివర్లో పరీక్ష, జాతీయ సర్టిఫికెట్. కాబట్టి చేరిన వారంలోనే ఆ నమోదు నంబరు అడిగి తీసుకోమనండి. ఏ సెక్షన్‌లో ఎన్ని నెలలో, రోజూ చేసిన పని రాసే లాగ్ బుక్ మీద సంతకం ఎవరు పెడతారో కూడా అడగాలి. ‘చూద్దాంలే’ అన్నారంటే టీలు తెప్పించడానికి, ఫైళ్లు మోయించడానికి వాడుకునే చోటని అనుమానించండి.

చేరకముందే అక్కడ పనిచేసేవాళ్లను ఇద్దరిని కదపండి. ఖాళీ పడితే నోటీసు బోర్డులో పెడతారా, లేక నోటిమాటతోనే నిండిపోతుందా? గత మూడేళ్లలో కాంట్రాక్టు నుంచి కంపెనీ రోల్‌లోకి, అంటే కంపెనీ సొంత ఉద్యోగుల్లోకి, ఎందరు వెళ్లారు? అప్రెంటిస్‌లలో ఎందరిని తీసుకున్నారు? జీతం సంగతి కంటే ఈ జవాబులే ఎక్కువ చెబుతాయి.

ఇంటి పరిస్థితి వల్ల కాంట్రాక్టరు దగ్గరే చేరాల్సివస్తే, నియామక పత్రంలో ‘ఫిట్టర్’ అని రాయించుకోవాలి. కాంట్రాక్టరు మారినా యూఏఎన్ (పీఎఫ్ ఖాతాలన్నిటికీ కలిపి ఉండే ఒకే నంబరు) మారకూడదు. పాత నంబరే ఇవ్వాలి. మూల వేతనం, డీఏ మీద మీవాడి వాటా 12 శాతం, యజమాని వాటా రెండూ పడుతున్నాయో లేదో పీఎఫ్ పాస్‌బుక్‌లో ప్రతినెలా చూసుకోవాలి. జీతం 21,000 లోపే కాబట్టి ఈఎస్ఐ (కార్మికుల వైద్య బీమా) కార్డు కూడా అడగాలి. ఏడాదికోసారి ప్లాంటు ఆపి మరమ్మతులు చేసే షట్‌డౌన్‌లో మాత్రం గేర్‌బాక్స్ విప్పే బ్యాచ్‌లో వెయ్యమని బతిమాలైనా వేయించుకోవాలి. యంత్రాలన్నీ తెరుచుకునేది అప్పుడే.

మరో మాట. మన తెలుగువాళ్లకు ఒడిశా కాగితాల్లో ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనక పడుతుంది. స్కూలు, ఐటీఐ సర్టిఫికెట్లు, ఆధార్ మూడింటిలో పేరు, పుట్టినతేదీ ఒకటేనా అని ఇప్పుడే చూడండి. తేడా ఉంటే పీఎఫ్ తీసుకునేటప్పుడు నెలలు తిప్పుతారు.