ఫ్లూ టీకాలో సొరచేప నూనె ఉందట... నాన్నకు వేయించొచ్చా?

ప్రశ్న: మా నాన్నగారికి 71 ఏళ్లు, బీపీ ఉంది. విజయవాడ నుంచి న్యూజెర్సీలో మా దగ్గరికి వచ్చారు. పెద్దవాళ్లకిచ్చే ఫ్లూ టీకాలో స్క్వాలీన్ అనే సొరచేప నూనె ఉంటుందని, దాంతో నరాలు పాడవుతాయని వాట్సాప్‌లో చూసి వద్దంటున్నారు. బలానికని సొరచేప కాలేయ నూనె క్యాప్సూల్స్ మాత్రం రోజూ వేసుకుంటున్నారు. ఏం చేయాలి?
- ఒక పాఠకురాలు

జవాబు: టీకా నిశ్చింతగా వేయించండి అమ్మా. నా దిగులంతా ఆ క్యాప్సూల్స్ గురించే.

స్క్వాలీన్ ఒంటికి కొత్తది కాదు. కొలెస్ట్రాల్ తయారీలో భాగంగా మన కాలేయంలోనే పుడుతుంది. ముఖం మీది జిడ్డులో సుమారు 12 శాతం ఇదే. ఆలివ్ నూనెలోనూ ఉంటుంది. తామరకు వాడే టెర్బినాఫైన్ కూడా దీని ఆధారంగానే పనిచేస్తుంది: ఫంగస్‌లో స్క్వాలీన్ తర్వాతి దశకు మారకుండా అడ్డుకుంటే, అది లోపలే పేరుకుని ఫంగస్ చస్తుంది.

వయసు పైబడ్డాక మామూలు టీకాకు రోగనిరోధక వ్యవస్థ అంతగా స్పందించదు. అందుకే స్క్వాలీన్‌ను నీళ్లలో అతి సన్నని బిందువులుగా చేసి కలుపుతారు. అవి సూది వేసిన చోటికి రక్షక కణాలను రప్పిస్తాయి. ఎంఎఫ్59 అనే ఈ మిశ్రమంతో టీకా 1997లో ఇటలీలో వచ్చింది. 65 దాటినవారికి వాడేందుకు 2015లో అమెరికా అనుమతించింది. డోసులో స్క్వాలీన్ 10 మిల్లీగ్రాములకు మించదు.

నరాల భయం, గల్ఫ్ యుద్ధ సైనికుల అనారోగ్యానికి వారికిచ్చిన టీకాలోని స్క్వాలీనే కారణమన్న ఆరోపణ నుంచి పుట్టింది. ఆ ఆరోపణకు ఆధారం లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణుల కమిటీ 2006లో తేల్చింది. 2009 స్వైన్‌ఫ్లూ సమయంలో యూరప్‌లో ఒక టీకా తర్వాత కొందరు పిల్లల్లో అతినిద్ర జబ్బు నార్కోలెప్సీ కనిపించిన మాట నిజం. దాన్ని దాచకూడదు. అందులోనూ స్క్వాలీన్ ఉంది, కానీ అది వేరే మిశ్రమం. ఎంఎఫ్59 టీకాలతో ఆ సమస్య కనిపించలేదు.

ఇక క్యాప్సూల్స్. ఒక్కోదానిలో వందల మిల్లీగ్రాముల నూనె ఉంటుంది. బలం పెరుగుతుందనడానికి గట్టి రుజువు లేదు. మింగేటప్పుడు పొలమారే అలవాటుంటే నూనె ఊపిరితిత్తుల్లోకి జారి న్యుమోనియా తెప్పించగలదు. మాన్పించండి. బీపీ మందు మాత్రం ఆపొద్దు.

గతంలో ఏ ఫ్లూ టీకాకైనా తీవ్రమైన అలర్జీ వచ్చినా, నరాలు దెబ్బతిని కండరాలు బలహీనపడే గిలాన్ బారీ సిండ్రోమ్ వచ్చినా ముందే డాక్టరుకు చెప్పండి. చెయ్యి నొప్పి, నీరసం ఒకటి రెండు రోజులుంటాయి. రక్షణ రావడానికి రెండు వారాలు పడుతుంది, కాబట్టి అక్టోబరు దాటకముందే వేయించండి.