మంటల్లో కాక మంచంలో పోయిన ఫైర్‌మన్‌ను అమరుల సరసన తలచుకోవచ్చా?

తలచుకోవచ్చుననే నా సమాధానం. మా నాన్నగారు విజయనగరం జిల్లాలో ముప్ఫై ఏళ్లకు పైగా ఫైర్‌మన్‌గా, ఆ తర్వాత లీడింగ్ ఫైర్‌మన్‌గా పనిచేసి, రిటైరైన నాలుగో ఏట మూత్రాశయ క్యాన్సర్‌తో పోయారు.

మా వైపు గోగునార పంట ఎక్కువ. నార గోదాము అంటుకుంటే మంట కనిపించేది కొద్దిసేపే గాని, బిగించి కట్టిన బేళ్ల లోపల నిప్పు రాజుకుంటూనే ఉంటుంది. పైనుంచి ఎంత నీరు కొట్టినా లోపలికి దిగదు కాబట్టి ఒక్కొక్క బేలునూ లాగి, విప్పి, తడపవలసిందే. ఆ పని ఒక్కోసారి రెండు మూడు రోజులు సాగేది. మంట అణిగాక ఇంక భయమేముందన్నట్లు అందరూ తడి తువాలు ముఖానికి చుట్టుకుని ఆ పొగలోనే నిలబడేవారు. తడిగుడ్డ మసిని కొంత ఆపుతుందేమో గాని బెంజీన్, ఫార్మాల్డిహైడ్ వంటి వాయువులను ఆపదు. ఇంటికి వచ్చాక ఆ ఖాకీ బట్టలు మా బట్టలతో కలిసే నానేవి. అమ్మ ఎన్ని నీళ్లు మార్చినా పొగ వాసన పోయేది కాదు.

వేసవిలో పూరిళ్లు తగలబడినప్పుడు, ఇంకా అంటుకోని ఇంటి కప్పును ముందుగానే లాగి పడేస్తే తప్ప మిగతా వరుస దక్కదు. ఆ ఇంటివాళ్లు ఆయన మీదికి కర్రలతో వచ్చిన సందర్భాలు ఉన్నాయి. ఇక పైడితల్లి అమ్మవారి సిరిమాను ఉత్సవాన్ని ఆయన మాతో కలిసి ఒక్కసారి కూడా చూడలేదు, ఆ మంగళవారం ఎప్పుడూ డ్యూటీయే.

మూత్రంలో రక్తం కనిపించినప్పుడు నొప్పి లేదు కదా, వేడి చేసి ఉంటుందని నెలల తరబడి బార్లీ నీళ్లు తాగారు. ఆసుపత్రిలో మొదట సిగరెట్ల గురించి అడిగారు. ఆయన జన్మలో ముట్టలేదు. వృత్తి అన్న చోట ‘విశ్రాంత ఉద్యోగి’ అని రాసుకుని ఊరుకున్నారు. ఆ రెండు మాటల వెనుక ఎంత పొగ ఉందో మేమూ చెప్పలేకపోయాము.

ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2022లో అగ్నిమాపక వృత్తిని క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో చేర్చి, మూత్రాశయ క్యాన్సర్‌కూ, మీసోథీలియోమాకూ (ఊపిరితిత్తుల వంటి అవయవాల చుట్టూ ఉండే పొరకు వచ్చే క్యాన్సర్) తగిన ఆధారాలున్నాయని ప్రకటించింది. అప్పటికి నాన్నగారు లేరు. ఒక్క మనిషి జబ్బుకు ఫలానా గోదామే కారణమని నిరూపించడం సాధ్యం కాదని నాకు తెలుసు. అలాగని ఆ పొగను లెక్కలోంచి తీసివేయడం మాత్రం న్యాయంగా తోచదు.

1944లో బొంబాయి రేవులో ఓడ పేలి మరణించిన ఫైర్ సిబ్బంది స్మృత్యర్థం ఏటా ఏప్రిల్ 14న స్టేషన్లలో నివాళి అర్పిస్తారు. నేనూ వెళ్లి నాన్నగారి తోటివారి పక్కన నిలబడతాను. అక్కడ ఆయన పేరు చదవరు; మేమే మనసులో అనుకుంటాము. కిందటేడు వారిలో ఒకాయన, “వేడి చేసింది బాబూ, బార్లీ తాగుతున్నాను” అన్నారు. మర్నాడు ఉదయమే ఆయనను విశాఖకు పరీక్షలకు తీసుకువెళ్లాను.