బజారు సంగతులు: మద్రాసులో ఏది ఎక్కడ కొనాలి?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం పెళ్ళి కొనుగోళ్ళవే. నెల్లూరు, కావలి వైపు వాళ్ళకు పెళ్ళి సామానంటే ఇప్పటికీ మద్రాసే గుర్తొస్తుంది. అక్కడ అన్నీ చవక అనుకుని బయల్దేరితే మాత్రం రైలు ఖర్చులు కూడా గిట్టవు. ఎంచుకోవడానికి ఉండే సరుకులో మద్రాసుకు సాటి లేదు. ధర తగ్గేది మాత్రం టోకు వీధుల్లోనే, అదీ ఎక్కువ మొత్తంలో కొంటేనే.

ప్రశ్న: మా అమ్మాయి పెళ్ళికి పట్టుచీరలు, నగలు, శుభలేఖలు ఒకే రోజులో కొనుక్కుని రావాలనుకుంటున్నాం. టి.నగర్ ముందా, పారిస్ కార్నర్ ముందా? (ఒక తల్లి, కావలి)

నగలను ఆ రోజు లెక్కలోంచి తీసేయండమ్మా. ఐదారు గంటలు చీరలు చూసి అలిసిపోయాక బంగారం కొట్లో కూర్చుంటే తరుగు గురించి అడిగే ఓపిక ఎవరికీ ఉండదు. పైగా కొన్న నగలు చేతిసంచిలో పెట్టుకుని రంగనాథన్ వీధి రద్దీలో తిరగడం మంచిది కాదు.

చీరలు, శుభలేఖలు ఒక్క రోజులో అయిపోతాయి. మంగళవారమో బుధవారమో పెట్టుకోండి. ఆదివారం పారిస్ వైపు టోకు కొట్లు చాలావరకు మూసే ఉంటాయి, టి.నగర్‌లో అడుగు తీసి అడుగు వేయలేం. నెల్లూరు నుంచి సెంట్రల్‌కు సుమారు 175 కిలోమీటర్లు. తెల్లవారుజామున మనవైపు వచ్చే రైళ్ళలో ఏదో ఒకటి పట్టుకుంటే పొద్దున్నే దిగిపోవచ్చు. బస్సులో అయితే మాధవరంలో దింపుతారు. 2018 నుంచి ఆంధ్రా బస్సులకు అదే స్టాండు, అక్కడి నుంచి మళ్ళీ ఊళ్ళోకి రావాలి. అందుకని రైలే మేలు.

సెంట్రల్‌లో దిగి, ఎదురుగా రోడ్డు దాటితే పార్క్ స్టేషన్. అక్కడ తాంబరం వైపు లోకల్ ఎక్కితే ఐదో స్టేషన్ మాంబళం. స్టేషన్ పక్కనే రంగనాథన్ వీధి. ఆ గుంపులో పడకుండా టి.నగర్ బస్టాండు వైపు వెళ్ళడానికి 2023లో పైనుంచి నడకదారి కట్టారు, పెద్దవాళ్ళు ఉంటే అటే వెళ్ళండి. చీరలు పొద్దున పూటే చూడాలి. కొట్లోని లైట్ల కింద మెరూన్, వంకాయ రంగు ఒకేలా కనిపిస్తాయి, అందుకని నచ్చిన చీరను గుమ్మం దాకా తెచ్చి ఎండలో చూపించమనండి. పెద్ద కొట్లలో దీనికి ఎవరూ ఏమీ అనుకోరు. భాషకు మొహమాటపడకండి, తెలుగులోనే అడగండి. టి.నగర్‌కు పేరిచ్చిన త్యాగరాయ చెట్టి, అక్కడి పార్కుకు పేరిచ్చిన పానగల్ రాజా, ఇద్దరూ తెలుగువాళ్ళే మరి!

రెండింటికల్లా చీరలు ముగించి పారిస్ వెళ్ళండి. మెట్రోలో సెంట్రల్ తర్వాతి స్టేషన్ హైకోర్టు, అక్కడ దిగి ఆండర్సన్ వీధి అని అడిగితే చాలు, వీధి నిండా కాగితం, శుభలేఖల కొట్లే. అక్కడ కార్డులు మాత్రమే కొనండి, అచ్చు మీ ఊళ్ళోనే వేయించుకోండి. తెలుగు రాని కంపోజర్ చేతిలో ఒత్తులు, దీర్ఘాలు ఎగిరిపోతాయి, ఫోన్‌లో పంపిన ప్రూఫులో అవి కంటికి ఆనవు. 500 కార్డులు కావాలంటే 540 తీసుకోండి, అచ్చులో కొన్ని పాడవుతాయి. కవర్లు వేరే కట్టలో ఇస్తారు, వాటినీ అక్కడే లెక్కపెట్టండి. ఇంటికొచ్చాక కవర్లు తక్కువైతే ఆ సైజు ఇక్కడ దొరకదు. పని ముగిస్తే సెంట్రల్ దగ్గరే కాబట్టి సాయంత్రం రైలుకు ఇబ్బంది లేదు.

ఇంకో మాట. మనకు ఆషాఢం చాంద్రమానం ప్రకారం ముగుస్తుంది, వాళ్ళ ఆడి నెల సౌరమానం, జులై 17 ప్రాంతం నుంచి ఆగస్టు 16 ప్రాంతం దాకా. అందుకని చాలా ఏళ్ళు మనకు శ్రావణం వచ్చేశాక కూడా అక్కడ ఆడి తగ్గింపులు నడుస్తుంటాయి. శ్రావణంలో ముహూర్తం ఉన్నవాళ్ళు పెట్టుబడి చీరలు ఆ రోజుల్లో కొనుక్కోవచ్చు. అమ్మాయి ముహూర్తం చీర మాత్రం తగ్గింపు గుట్టలో వెతక్కండి.

ప్రశ్న: కంచిపట్టు అని ఇస్తున్నారు, సిల్క్ మార్క్ కూడా ఉంది. అయినా జరీ నల్లబడింది. మోసపోయామా? (ఒంగోలు పాఠకురాలు)

సిల్క్ మార్క్ పట్టుకే పూచీ, జరీకి కాదు. కేంద్ర పట్టు మండలి ఆధ్వర్యంలోని సంస్థ ఇచ్చే ఆ చీటీ, చీరలోని పోగు అసలు పట్టు అని మాత్రమే చెబుతుంది. పట్టు నిఖార్సుగా ఉండి జరీ రాగిదైన చీరలు బజారులో కొల్లలు. చట్టప్రకారం అది మోసం కాకపోవచ్చు, వెండి జరీ అని చెప్పి వెండి జరీ ధర తీసుకుంటే మాత్రం మోసమే.

అసలు జరీ ఎలా ఉంటుందంటే, లోపల ఎర్రటి పట్టు పోగు, దాని చుట్టూ సన్నటి వెండి తీగ, పైన నామమాత్రంగా బంగారు పూత. రవికె ముక్క చివర వేలాడే పోగుల్లోంచి ఒక్క జరీ పోగు లాగించుకోండి. గోటితో గీకి తీగ విప్పితే లోపల ఎర్ర పోగు కనిపించాలి. తెల్లగానో పసుప్పచ్చగానో ఉండి ప్లాస్టిక్‌లా సాగితే అది పాలిస్టర్ పోగు. అయితే ఇప్పుడు నకిలీవాళ్ళు కూడా లోపలి పోగుకు ఎర్ర రంగు వేస్తున్నారు, కాబట్టి అక్కడితో ఆగకూడదు. తీగను గరుకు రాయి మీద రుద్దితే పూత పోయి తెల్లటి వెండి తేలాలి. ఎర్రగా తేలితే రాగి. మీ చీర నల్లబడడానికి కారణం ఇదే అయ్యుండొచ్చు. రాగి చెమటకు, గాలికి త్వరగా నల్లబడి, ఆకుపచ్చ చాయ కూడా పడుతుంది. వెండి కూడా నల్లబడుతుంది, కాకపోతే నెమ్మదిగా. సెంటు నేరుగా చీర మీద కొట్టినా, నాఫ్తలీన్ ఉండలు మడతల్లో పెట్టినా ఏ జరీ అయినా పాడవుతుంది.

పట్టుకు కాల్చి చూసే పరీక్ష చాలు. పోగు కాల్చితే వెంట్రుకలు కాలిన వాసన వచ్చి, బూడిద వేళ్ళ మధ్య పొడి కావాలి. గట్టి ముద్దలా ఉండకట్టిందంటే పాలిస్టర్. ఇక నేత సంగతి: అంచు, ఒళ్ళు వేరే రంగుల్లో ఉంటే చీర తిరగేసి ఆ కలిసే చోటు చూడండి. చీరాల కుప్పడం చీరల్లోలాగా అంచు పేక (అడ్డపోగు), ఒంటి పేక ఒకదాన్నొకటి పట్టుకుని రంపం పళ్ళలా కనిపిస్తే చేత్తో కలిపిన అంచు. ఒకే పేక ఈ చివర నుంచి ఆ చివరకు పోయి ఉంటే ఆ పనితనం లేనట్టే, దానికి తగ్గట్టు ధర తగ్గాలి.

టి.నగర్ వెళ్ళే ముందు ఒక ఉపాయం. పార్క్ తర్వాతి స్టేషన్ ఎగ్మూరు. అక్కడ పాంథియన్ రోడ్డులో తమిళనాడు చేనేత సహకార సంఘం వాళ్ళ కో-ఆప్టెక్స్ ఉంది. అక్కడే కొనాలని లేదు. ఏ రకం జరీకి, ఏ బరువుకు ధర ఎంత ఉందో రాసుకుని వెళితే, పెద్ద కొట్లో చెప్పే ధర సబబో కాదో మీకే తెలుస్తుంది. బిల్లులో 'పట్టుచీర' అని ఊరుకోకుండా జరీ రకం కూడా రాయించుకోండి. రాయడానికి వెనకాడితే చీర అక్కడే పెట్టి లేవండి.

ప్రశ్న: హారానికి ఒక కొట్లో తరుగు 14 శాతం అన్నారు, ఇంకో కొట్లో 11. రాళ్ళ బరువు గురించి ఇద్దరూ సరిగా చెప్పలేదు. లెక్క ఎలా చూడాలి? (గూడూరు)

ముందు అడగాల్సింది రాళ్ళ సంగతే. ఉదాహరణకు హారం మొత్తం బరువు 48.6 గ్రాములు, అందులో రాళ్ళు, పూసలు, లక్క కలిపి 5.2 గ్రాములు అనుకుందాం. నికరం బంగారం 43.4. తరుగు దీని మీదే వేయాలి. 14 శాతం చొప్పున 6.076 గ్రాములు. అదే 48.6 మీద వేస్తే 6.804 అవుతుంది, అంటే ముప్పాతిక గ్రాము దగ్గర మీ చేతిలోంచి పోయినట్టే. రాళ్ళను కూడా బంగారం రేటుకే అంటగడితే ఇక చెప్పనక్కర్లేదు. నికరం మీద 11 శాతమైతే తరుగు 4.774 గ్రాములు, రెండు కొట్లకూ తేడా 1.3 గ్రాములు. అయితే 11 అన్నవాళ్ళు మజూరీ వేరే వేస్తున్నారేమో, రాళ్ళ ధర పెంచారేమో కూడా చూడాలి. శాతాలు పోల్చకండి, చివరకు కట్టాల్సిన మొత్తాన్ని ఆ రోజు గ్రాము రేటుతో, నికరం బరువుతో భాగించి పోల్చండి. దీని పైన జీఎస్టీ 3 శాతం.

నగ మీద మూడు గుర్తులుండాలి: బీఐఎస్ ముద్ర, 22కె916 అని స్వచ్ఛత, ఆరు అక్షరాలూ అంకెలూ కలిసిన హెచ్‌యూఐడీ. 2023 ఏప్రిల్ 1 నుంచి ఈ ఆరంకెల గుర్తు లేకుండా అమ్మకూడదు. బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ నంబరు కొడితే నగ రకం, స్వచ్ఛత కనిపిస్తాయి. కొంటున్నది హారమైతే, యాప్‌లో ఉంగరం అని వస్తే అర్థం చేసుకోండి. రెండు గ్రాముల లోపు వస్తువులకు, కుందన్, పోల్కీ నగలకు ఈ నిబంధన నుంచి మినహాయింపు ఉంది. అక్కడే జాగ్రత్త ఎక్కువ కావాలి: స్వచ్ఛత, నికరం బరువు బిల్లు మీద రాసివ్వమనండి. షావుకారుపేటలో బిల్లు లేకుండా ఇస్తే పన్ను మిగులుతుందంటారు. రేపు మార్చుకోవాల్సి వచ్చినప్పుడు ఆ నగకు అమ్మానాన్నా ఉండరు. నగదుగా రెండు లక్షలు, ఆపైన తీసుకోవడం చట్టరీత్యా కుదరదు, కాబట్టి బ్యాంకు ద్వారా కట్టడానికి సిద్ధపడి వెళ్ళండి.

పుస్తెలు మాత్రం మీ ఊరి ఆచారి దగ్గరే. తమిళుల తాళి వేరు, మన బిళ్ళల జత వేరు.

ప్రశ్న: మాల్‌లో బేరమాడొచ్చా? (నెల్లూరు, ఇంజనీరింగ్ విద్యార్థి)

ఆడకూడదు, ఆడినా తగ్గదు. ఎక్స్‌ప్రెస్ అవెన్యూ, ఫీనిక్స్ లాంటి చోట్ల బ్రాండు బట్టలకు, బూట్లకు సీజను చివర, సాధారణంగా జనవరి, జులైల్లో తగ్గింపులుంటాయి. అప్పుడు వెళ్ళండి. ఎంఆర్‌పీలో పన్ను కలిసే ఉంటుంది. ఎంఆర్‌పీ మీద తగ్గించామని చెప్పి బిల్లులో మళ్ళీ జీఎస్టీ కలిపితే ప్రశ్నించండి, వినకపోతే 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్ ఉంది. మాల్‌కు వెళ్ళి లాభపడేదల్లా తొడిగి చూసుకోవడం, సైజు సరిపోకపోతే మార్చుకోవడం. అదే బ్రాండు కొట్టు నెల్లూరులో ఉంటే మద్రాసు దాకా ఎందుకు?

ప్రశ్న: రిచీ స్ట్రీట్‌లో పాత లాప్‌టాప్, ఫోను కొనొచ్చా? (పొదిలి)

లాప్‌టాప్ కొనొచ్చు, చూసే విధానం తెలిస్తే. మౌంట్ రోడ్డు పక్కనే ఉంటుంది ఆ వీధి, ఆదివారం చాలా కొట్లు మూత. యంత్రం ఆన్ చేయించి కమాండ్ ప్రాంప్ట్‌లో 'పవర్‌సీఎఫ్‌జీ', ఒక ఖాళీ, స్లాష్, 'బ్యాటరీరిపోర్ట్' అని ఇంగ్లీషులో కొట్టండి. ఒక ఫైలు తయారవుతుంది, అందులో బ్యాటరీ కొత్తలో ఎంత పట్టేది, ఇప్పుడు నిండుగా ఎంత పడుతోంది అని రెండు అంకెలుంటాయి. రెండోది మొదటిదాంట్లో సగానికి వచ్చిందంటే కొత్త బ్యాటరీ ధర తగ్గించి బేరమాడండి. అడుగున అంటించిన సీరియల్ నంబరు, బయోస్‌లో (ఆన్ చేస్తూనే తెరిచే సెట్టింగుల తెరలో) కనిపించే నంబరు ఒకటే కావాలి. వేరైతే బోర్డు మార్చారనో, పై డొక్కు మార్చారనో అర్థం. తెర మీద తెల్ల పేజీ తెరిచి మూలల్లో మచ్చలు చూడండి, ప్రతి కీ నొక్కండి.

పాత ఫోన్ల విషయంలో మాత్రం మా సలహా వద్దనే. తప్పదంటే స్టార్, హ్యాష్, 06, హ్యాష్ కొట్టి ఐఎంఈఐ అనే ఫోను గుర్తింపు నంబరు తీసుకుని, ఇంగ్లీషులో కేవైఎం అని రాసి, ఖాళీ ఇచ్చి, ఆ 15 అంకెలతో 14422కు ఎస్సెమ్మెస్ పంపండి. బ్లాక్ అయిందనో, నకలు నంబరనో జవాబొస్తే డబ్బు కట్టకుండా వచ్చేయండి.

ప్రశ్న: ఇంట్లోనే చీరల వ్యాపారం మొదలుపెడదామనుకుంటున్నాను. పారిస్ దగ్గరి గోడౌన్ స్ట్రీట్ నుంచి తెచ్చుకోవచ్చా? పెట్టుబడి 60 వేలు. (ఆత్మకూరు గృహిణి)

తెచ్చుకోవచ్చమ్మా, మొదటి సరుకుకే 60 వేలూ పెట్టకండి. 35 వేలకు మించొద్దు. మిగతాది రెండోసారి కోసం, ఎందుకంటే ఏ రంగులు పోతాయో, ఏవి మిగులుతాయో మొదటి సరుకు అమ్మితేగానీ తెలియదు. టోకు కొట్లలో రంగులు మీరు ఏరుకోవడానికి లేదు, డిజైనుకు ఆరో ఎనిమిదో రంగుల కట్ట మొత్తం తీసుకోవాలి. అందులో రెండు రంగులు మన ఊళ్ళో కదలవు. కాబట్టి చీర అసలు ధర లెక్కేసేటప్పుడు ఎనిమిది చీరల కట్ట ధరను ఎనిమిదితో కాకుండా ఆరుతో భాగించండి. అప్పుడు కూడా లాభం మిగిలితేనే ఆ డిజైను కొనండి.

కట్ట కట్టక ముందే ప్రతి చీరా విప్పి కొలిపించండి. 'ఆరున్నర' అని చెప్పే చవక చీరలు రవికెతో కలిపి 6 మీటర్లకే ఆగిపోతాయి, తిట్లు తినేది మీరు. ముదురు రంగు చీర మూల తడిపి తెల్ల రుమాలుతో రుద్దితే రంగు దిగేదీ లేనిదీ అక్కడే తేలుతుంది. డ్యామేజీ వస్తే ఎన్ని రోజుల్లోపు మార్చిస్తారో బిల్లు మీదే రాయించుకోండి, నోటి మాట రెండోసారి వెళ్ళేసరికి ఎవరికీ గుర్తుండదు.

సరుకు విలువ 50 వేలు దాటి రాష్ట్రం దాటుతుంటే ఈ-వే బిల్లు (జీఎస్టీ కింద సరుకు రవాణాకు ఆన్‌లైన్‌లో తీసే పత్రం) ఉండాలి. అది లేకుండా పార్సిల్ సర్వీసులో వేస్తే దారిలో తనిఖీ చేసేవాళ్ళు ఆపుతారు, జరిమానా మీ లాభాన్ని మింగేస్తుంది. రోజువారీ సింథటిక్, ఫ్యాన్సీ చీరలకైతే విజయవాడ వన్‌టౌన్‌లో వస్త్రలత కూడా ఒకసారి చూడండి, రైలు స్టేషన్‌కు దగ్గర, భాష మనదే, బాగాలేని కట్ట వెనక్కిచ్చి రావడం తేలిక. మద్రాసును నూలు చీరలకు, పండగ సరుకుకు ఉంచుకోండి. దసరా సరుకు ఆగస్టు చివరికే తెచ్చి పెట్టుకోవాలి, నవరాత్రుల ముందు వారం వెళితే మిగిలిన రంగులే చేతికొస్తాయి.