అమ్మాయిని అమెరికా పంపిన మా అమ్మడికి

అమ్మడూ,

నీ వాయిస్ మెసేజ్ మళ్ళీ మళ్ళీ విన్నా. అర్ధరాత్రి లేచి పిల్ల వాట్సాప్‌లో లాస్ట్ సీన్ చూసుకోవడం, డల్లాస్‌లో ఇప్పుడు టైమెంతో లెక్కేసుకోవడం, టిక్కులు బ్లూ అవ్వకపోతే ఇంక నిద్ర పట్టకపోవడం, ఇవన్నీ చెప్పి చివర్లో "నాకు వైరాగ్యం నేర్పు పెద్దమ్మా, అన్నీ వదిలేస్తా" అన్నావు చూడు, నా మనసు అక్కడే ఆగిపోయింది. అన్నీ వదిలేస్తా అనేది బాధలో వచ్చే మాటమ్మా. శ్మశాన వైరాగ్యం, ప్రసూతి వైరాగ్యం అని మనవాళ్ళు ఊరికే అనలేదు, అవి ఎంత తొందరగా వస్తాయో అంత తొందరగా పోతాయి. ఎయిర్‌పోర్ట్‌లో పిల్లని దింపి వచ్చాక పుట్టే వైరాగ్యం కూడా ఆ కోవలోదే. యోగసూత్రాలు రాసిన పతంజలి చెప్పిన వైరాగ్యం రోజూ కొంచెం కొంచెంగా చేసుకునేది.

యోగసూత్రాల్లో మొదటి పాదం 12వ సూత్రం "అభ్యాసవైరాగ్యాభ్యాం తన్నిరోధః". అంటే అభ్యాసంతో, వైరాగ్యంతో మనసు పరుగులు ఆగుతాయని, రెండూ కలిపే చెప్పాడాయన. ఆ సూత్రాలకి వ్యాఖ్యానమైన వ్యాసభాష్యంలో దీనికి ఎంత బాగా రాశారంటే, చిత్తం రెండు వైపులా పారే నది, విషయాల వైపు, అంటే ఇంద్రియాలు కోరుకునే వాటి వైపు పారే నీళ్ళకి వైరాగ్యంతో అడ్డుకట్ట వెయ్యాలి, అభ్యాసంతో వివేకం వైపు దారి తెరవాలి అని. మన పొలంలో మడవ కట్టడం నువ్వు చిన్నప్పటి నుంచీ చూసిందేగా, ఒక కాలవకి మట్టి అడ్డంవేసి రెండో కాలవ తెరవకపోతే ఏమవుతుంది, గట్టు తెగుతుంది. పిల్ల గురించి ఆలోచించకూడదు అని ఒట్టు పెట్టుకుని ఖాళీగా కూర్చుంటే అదే అవుతుంది. అందుకని ముందు మనసుకి పోయే దారి ఒకటి చూపించు, రోజూ ఒకే టైముకి, ఒకే చోట, పొద్దున్నే అయితే మరీ మంచిది.

ఏం చెయ్యాలంటావా. చాప వేసుకుని కూర్చుని నాలుగు లెక్కపెడుతూ గాలి పీల్చి ఆరు లెక్కపెడుతూ వదులు, మధ్యలో బిగబట్టొద్దు, నీకు బీపీ ఉంది. మొదటి పాదంలోనే 34వ సూత్రంలో ఊపిరి వదలడం, నిలపడం వల్ల కూడా మనసు కుదుటపడుతుందని ఉంది, నువ్వు వదలడం వరకే చెయ్యి చాలు. అర్ధరాత్రి మెలకువ వచ్చి చెయ్యి ఫోన్ మీదకి పోతుంది కదా, అప్పుడు కూడా ఇదే, ముందు పది ఊపిర్లు, తర్వాత కూడా చూడాలనిపిస్తే చూసుకో, తప్పేం లేదు. అసలు ఫోన్ వంటింటి అలమరలో పెట్టి పడుకుంటే ఇంకా మంచిది, ఎమర్జెన్సీ అయితే రింగ్ వినబడుతుంది.

రెండో పాదంలో "సుఖానుశయీ రాగః" అని ఇంత చిన్న సూత్రం ఉంది. ఒకసారి సుఖం రుచి చూసిన మనసు దాని వెనకాలే తిరుగుతుంది, ఆ తిరుగుడే రాగం. నువ్వొకసారి జాగ్రత్తగా చూసుకో, అర్ధరాత్రి నువ్వు వెతుక్కునేది డల్లాస్‌లో ఉన్న పిల్లనా, పొద్దున్నే జడ వేయించుకుంటూ బాక్స్‌లో ఏం పెట్టావమ్మా అని అడిగిన ఇంటర్ పిల్లనా? ఆ పిల్ల డల్లాస్‌లో కూడా లేదు. అక్కడున్న ఇరవై మూడేళ్ళ అమ్మాయికి ల్యాబ్ ఉంది, పార్ట్‌టైమ్ ఉంది, తనే అన్నం వండుకుంటోంది. ఆ అమ్మాయితో కొత్తగా స్నేహం చేసుకో. ఇది తెలిసిన రోజు ఏడుపొస్తుంది, రానీ.

ఇంక ఆ ఆవకాయ పార్సిల్ సంగతి. పంపావు, బాగుంది. చేరిందా, తిన్నావా, సీసా అయిపోయిందా, రూమ్మేట్స్‌కి ఎంత ఇచ్చావు అని రోజూ అడుగుతున్నావట, పిల్లే నాతో చెప్పింది, కోపంగా కాదులే, నవ్వుతూనే. గీతలో "కర్మణ్యేవాధికారస్తే" అని మనం చిన్నప్పటి నుంచీ అప్పజెప్తాం, దాన్ని ప్రాక్టీస్ చెయ్యడానికి ఆ పార్సిల్‌కి మించింది లేదు. ముక్కలు కొయ్యడం, కారం కలపడం, నూనె కారకుండా ప్యాక్ చేయించడం నీ పని, అది ఎంత శ్రద్ధగా చేస్తావో చెయ్యి. కొరియర్ వాడి చేతిలో పెట్టాక అది పిల్లది. చేరిందా అని ఒకసారి అడుగు, అంతే. పూజ చివర్లో కాయేన వాచా అంటూ అంతా నారాయణుడికి సమర్పిస్తాం కదా, రసీదు తీసుకునేటప్పుడు అది మనసులో అనుకో. ఈశ్వర ప్రణిధానం అని పతంజలి క్రియాయోగంలో, అంటే రోజూ చేసే సాధనలో చెప్పింది ఇదే, ఇంట్లో ఉన్నవాళ్ళు ఇలా మొదలెడితే చాలు.

పిల్ల గది మొత్తం ఒక్కసారే ఖాళీ చేసేస్తా అన్నావు, ఆ పని మాత్రం చెయ్యకు. ఒక్క అర తీసుకో, ఇంటర్ పుస్తకాలున్న అర. పిల్లని అడిగి, ఊ అంటే, మీ వీధిలో ఎవరో ఒకళ్ళ పిల్లలకి ఇచ్చెయ్. లంగావోణీలూ ఫోటోలూ జోలికి ఇప్పుడు వెళ్ళకు. వ్యాసభాష్యానికి టీక రాసిన వాచస్పతి మిశ్రుడు వైరాగ్యానికి నాలుగు మెట్లు చెప్పాడు, అందులో రెండోది వ్యతిరేకం, అంటే ఏవి మన చేతికి లొంగాయి, ఏవి ఇంకా లొంగలేదు అని విడదీసి చూసుకోవడం. పుస్తకాలు ఇచ్చేటప్పుడు చెయ్యి వణక్కపోతే అవి లొంగినట్టు. వోణీ ముట్టుకోగానే గొంతు పట్టేస్తే అది ఇంకా లేదు, ఉండనీ. వశీకారం, అంటే అన్నీ మన వశమవడం, చివరి మెట్టు, దానికి తొందరేముంది, అభ్యాసం దీర్ఘకాలం, విడవకుండా, ఆదరంగా చేస్తేనే గట్టిపడుతుందని పతంజలే అన్నాడు.

ఒక్కటి మాత్రం గట్టిగా చెప్తున్నా. అన్నం సయించకపోవడం, రోజంతా పడుకునే ఉండాలనిపించడం, ఏ పనీ మీదా మనసు లేకపోవడం, వీటికి వైరాగ్యం అని పేరు పెట్టుకోకు. రెండు వారాలు అలాగే ఉంటే డాక్టర్ దగ్గరికి వెళ్ళు, మీ ఆయనకి కూడా నేను చెప్తా. వైరాగ్యంలో ఉన్నవాళ్ళు పక్కింటి పిల్లాడికి కూడా ప్రేమగా అన్నం పెడతారు.

సూత్రాలు చదవాలంటే రెండో పాదంతో మొదలెట్టు, సాధన పాదం, మనలాంటి సంసారులకి అదే పనికొస్తుంది. పిల్లతో వీడియో కాల్ ఆదివారానికి ఫిక్స్ చేసుకో, మధ్యలో తనే చేస్తే హాయిగా మాట్లాడు. నా క్లాసు ఏడింటికల్లా అయిపోతుంది, తర్వాత ఎప్పుడైనా ఫోన్ చెయ్యి.

పెద్దమ్మ