వరి పండే చోట వండుకునే అన్నం: పాఠకుల ప్రశ్నలు, పరిశోధకురాలి జవాబులు

గోదావరి జిల్లాల నుంచి ఈసారి వచ్చిన ఉత్తరాలు చాలావరకు బియ్యం చుట్టూనే తిరిగాయి. ఒక తిండి మంచిదా కాదా అని అడిగినప్పుడు, దాన్ని కొనేది ఎవరు, వండేది ఎవరు, పండించినవారికి మిగిలేది ఎంత, నేల మీద, నీటి మీద పడే భారం ఎంత అన్నవి కూడా చూసుకున్నాకే జవాబు చెప్పాలన్నది పోషకాహార పరిశోధకురాలిగా నేను పెట్టుకున్న నియమం. అందువల్ల కొన్ని జవాబులు పొడవుగా ఉంటాయి.

ప్రశ్న: మాకు ఇచ్చే కోటా బియ్యంలో కొన్ని గింజలు వేరే రంగులో ఉండి, కడిగేటప్పుడు నీళ్లలో పైకి తేలుతున్నాయి. ప్లాస్టిక్ బియ్యమని ఊళ్లో అందరూ అంటుంటే వాటిని ఏరి పారేస్తున్నాను. మా అమ్మాయికి అయిదో నెల, రక్తం తక్కువగా ఉందన్నారు. ఆ బియ్యం పెట్టవచ్చా?
— ఒక గృహిణి, అంబాజీపేట మండలం

జవాబు: అమ్మా, అవి ప్లాస్టిక్ కావు. మీరు ఏరి పారేస్తున్నవి మీ అమ్మాయికి అవసరమైన, పోషకాలు చేర్చిన గింజలు. బియ్యపు పిండిలో ఇనుము, ఫోలిక్ ఆమ్లం, బి12 విటమిన్ కలిపి, ఆ ముద్దను యంత్రంలో ఒత్తి, మళ్లీ బియ్యపు గింజ ఆకారంలో తయారుచేస్తారు. వీటిని మామూలు బియ్యంలో నూటికి ఒక పాలు చొప్పున కలుపుతారు. ఇలా కలిపిన కిలో బియ్యంలో 28 నుంచి 42.5 మిల్లీగ్రాముల దాకా ఇనుము ఉండాలన్నది ప్రమాణం. పొలంలో పండిన గింజ కాక పిండితో చేసిన గింజ కాబట్టి దాని రంగు కొంచెం తేడాగా ఉంటుంది, కొన్ని నీళ్లలో తేలుతాయి. అనుమానం తీరకపోతే పది గింజలు ఏరి విడిగా ఉడికించి చూడండి, మిగతా అన్నంలాగే మెత్తబడి వేళ్ల మధ్య నలుగుతాయి.

ఆ గింజలోని ఫోలిక్ ఆమ్లానికీ మన నేలకూ సంబంధం ఉంది. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో నడిపించిన బృందమే 1945లో దాన్ని కృత్రిమంగా తయారుచేయగలిగింది. గర్భిణులకు ఇచ్చే మాత్రలో ఇనుముతో పాటు ఉండేది అదే.

ఇక మీరు అడగకపోయినా చెప్పవలసిన మాట ఒకటుంది. బియ్యం నీళ్లు తెల్లబడడం ఆగేదాకా నాలుగైదు సార్లు కడిగి, ఎసరు ఎక్కువగా పోసి, గంజి వార్చేయడం మన వైపు చాలా ఇళ్లలో అలవాటు. నీటిలో కరిగే బి విటమిన్లలో కొంత ఆ కడుగుతోను, కొంత ఆ గంజితోను పోతాయి. ఇది చిన్న విషయం కాదు. ఉత్తర సర్కారులని ఒకప్పుడు పిలిచిన మన కోస్తా జిల్లాల్లో బెరిబెరి వ్యాధి (థయమిన్ అనే బి1 విటమిన్ లోపం వల్ల నరాలు, గుండె దెబ్బతినే జబ్బు) పాతుకుపోవడానికి కారణం, మరలో తెల్లగా పాలిష్ పట్టిన పచ్చి బియ్యాన్నే ప్రధాన ఆహారంగా తినడం. ఉప్పుడు బియ్యం తినే ప్రాంతాల్లో ఆ జబ్బు అంతగా కనిపించలేదు. వడ్లను నానబెట్టి ఉడికించేటప్పుడు పైపొరలోని థయమిన్ గింజ లోపలికి చేరుతుంది కాబట్టి, తర్వాత మర పట్టినా కొంత మిగులుతుంది. 1918లో కూనూరులో రాబర్ట్ మెక్‌కారిసన్ మొదలుపెట్టిన బెరిబెరి పరిశోధన విభాగమే క్రమంగా పెరిగి, 1958లో హైదరాబాదుకు తరలివచ్చి, నేటి జాతీయ పోషకాహార సంస్థ అయింది. బొండాలనే మన లావు గింజ ధాన్యం ఇప్పటికీ ఇక్కడి మరల్లో ఉప్పుడు బియ్యమై కేరళకు వెళ్తోంది. మనం మాత్రం తెల్లటి పచ్చి బియ్యానికే అలవాటుపడ్డాం.

కాబట్టి బియ్యాన్ని రెండు సార్లకు మించి కడగకుండా, కొలిచి నీళ్లు పోసి, అత్తెసరు పెట్టండి. గంజి వార్చక తప్పకపోతే దాన్ని పారబోయకుండా ఉప్పు, నిమ్మరసం వేసి తాగండి. అయితే ఈ బియ్యం ఒక్కటే రక్తహీనతను తీర్చదని కూడా చెప్పాలి. గర్భిణికి నాలుగో నెల నుంచి రోజుకొకటి చొప్పున కనీసం 180 రోజులు ఇచ్చే ఇనుము మాత్రలు మానకూడదు. మాత్రకూ భోజనానికీ దగ్గరలో టీ, కాఫీ తాగితే ఇనుము ఒంటికి సరిగా పట్టదు. నిమ్మకాయో ఉసిరికాయో పక్కన ఉంటే బాగా పడుతుంది. ఇంట్లో ఎవరికైనా తలసీమియా గానీ సికిల్ సెల్ వ్యాధి గానీ ఉంటే మాత్రం వైద్యుణ్ణి అడిగాకే ఈ బియ్యం పెట్టండి.

ప్రశ్న: నాకు పదేళ్లుగా సుగరు. కొర్రలు, అండుకొర్రలు తింటున్నాను. మా ఇంట్లో పనిచేసే ఆవిడకు కూడా ఈ మధ్య సుగరు బయటపడింది. కొర్రలు తినమంటే ఆ ధరకు తాను కొనలేనంటోంది. అన్నం మానకుండా దారి ఉందా?
— విశ్రాంత ఉపాధ్యాయుడు, తణుకు

జవాబు: మాస్టారూ, ఈ నెల ఉత్తరాల్లో నన్ను అన్నిటికన్నా ఎక్కువగా ఆలోచింపజేసిన ప్రశ్న మీది. ఒకే జబ్బుకు ఒకే వీధిలో రెండు రకాల సలహాలు ఇవ్వవలసి రావడం మన ఆహార వ్యవస్థలోని లోపం. ఆవిడ క్రమశిక్షణలో లోపమేమీ లేదు.

అన్నం మానవలసిన పనిలేదు, తగ్గించవలసిన పని ఉంది. జాతీయ పోషకాహార సంస్థ 2024లో ప్రకటించిన మార్గదర్శకాల ప్రకారం, 2000 కేలరీల ఆహారంలో రోజుకు అన్ని ధాన్యాలూ కలిపి 250 గ్రాములు, పప్పులు 85 గ్రాములు, ఆకుకూరలతో సహా కూరగాయలు 400 గ్రాములు, పండ్లు 100 గ్రాములు, పాలు 300 మిల్లీలీటర్లు ఉండాలి. మొత్తం శక్తిలో ధాన్యాల వాటా 45 శాతం దాటకూడదు. మన డెల్టాలో కష్టం చేసుకునే కుటుంబాల పళ్లెంలో సగానికి మించి అన్నమే ఉండి, పప్పు పలచటి చారు రూపంలో కనిపిస్తుంది. కొర్రలు కొనే డబ్బుతో పెసరపప్పో మినపప్పో కొని పూటకొక గరిటె గట్టి పప్పు పెంచి, ఆ మేరకు అన్నం తగ్గించడం ఆవిడకు మరింత మేలు చేస్తుంది. కూర, పప్పు ముందు తిని అన్నం తర్వాత తినడం కూడా రక్తంలో చక్కెర ఒక్కసారిగా ఎగియకుండా కొంత ఆపుతుంది.

బియ్యంలోనూ రకాలున్నాయి. అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ 235 రకాలను పరీక్షించినప్పుడు తిన్నాక రక్తంలో చక్కెర ఎంత వేగంగా పెరుగుతుందో చెప్పే గ్లైసీమిక్ సూచిక 48 నుంచి 92 దాకా తేలింది. తక్కువ వైపు నిలిచిన రకాల్లో మన మార్టేరు పరిశోధన కేంద్రం 1982లో విడుదల చేసిన స్వర్ణ ఒకటి. ముతకదని మనం చిన్నచూపు చూసే ఆ గింజ, సన్నబియ్యం మోజులో మన వంటింటికి దూరమై, మరల నుంచి గిడ్డంగులకు వెళ్తోంది. పరిమాణం తగ్గించకుండా రకం మార్చినంత మాత్రాన సుగరు అదుపులోకి రాదు గానీ, తినే కొద్దిపాటి అన్నం స్వర్ణదైతే నష్టం లేదు. వాడుతున్న మందు మోతాదును మాత్రం వైద్యుడే నిర్ణయించాలి.

పెరట్లో మునగ చెట్టు పెంచుకోమని, బచ్చలి పాకించమని చెప్పడం సులువు. డెల్టాలో ఇల్లూ వాకిలీ ఉన్నవాళ్లకు అది మంచి సలహాయే. కానీ సొంత సెంటు భూమి లేక కాలువ గట్ల మీద గుడిసెలు వేసుకున్న కుటుంబాలకు పెరడు ఎక్కడిది? ఆరోగ్యకరమైన ఆహారానికి ప్రమాణంగా 2019లో ఈట్-లాన్సెట్ కమిషన్ అనే అంతర్జాతీయ నిపుణుల బృందం ఒక నమూనా ప్రతిపాదించినప్పుడు, దాని ధర లెక్కకట్టిన ఆర్థికవేత్తలు, ప్రపంచంలో కనీసం 158 కోట్ల మందికి అది అందదని తేల్చారు. ఆ ఖర్చులో పెద్ద వాటా పండ్లది, కూరగాయలది. అందుకే నా అభిప్రాయంలో, కోటా దుకాణంలో బియ్యంతో పాటు పప్పు క్రమం తప్పకుండా అందడం, ఎన్ని ప్రసంగాలు చేసినా రానంత మార్పు తెస్తుంది. లంకల గన్నవరంలో వేళకాని వేళ వచ్చినవారికి కూడా అన్నం పెట్టిన డొక్కా సీతమ్మ గారి పేరు ఇప్పుడు మన రాష్ట్రంలో బడి భోజన పథకానికి ఉంది. ఆ వంటకు అవసరమైన కంద, అరటికాయ, ఆకుకూరలను చుట్టుపక్కల చిన్న రైతుల దగ్గరే కొంటే పిల్లలకూ రైతుకూ మేలు జరుగుతుంది.

మీరు ఆవిడకు చేయగల సాయం కూడా ఉంది. ఇవ్వదలచుకుంటే కొర్రల పొట్లానికి బదులు నెలకు రెండు కిలోల పప్పు ఇవ్వండి, జీతంలో కోయకండి.

ప్రశ్న: చీరమేను అనే చిట్టి చేపలు పిల్లలకు చాలా బలమంటారు. ఈసారి ధర చూసి భయపడి వెనక్కి వచ్చాను. అంత బలం ఇంక దేనిలో ఉంది?
— ఒక తల్లి, యానాం

జవాబు: తూర్పుగాలి తిరిగే రోజుల్లో కొద్దికాలమే దొరికే చీరమేనును రుచి కోసం తినండి, బలం కోసం మెత్తళ్లనే చిన్న ఎండుచేపలు చాలు. ముల్లుతో సహా నమిలి మింగగలిగే ఏ చిన్న చేపైనా మాంసకృత్తులతో పాటు కాల్షియం కూడా ఇస్తుంది. ముక్కలు కోసి ముల్లు తీసేసే పెద్ద చేపలో ఆ కాల్షియం పళ్లెం అంచునే మిగిలిపోతుంది. మెత్తళ్లకు తల తీసి, వేడినీళ్లలో రెండు మూడు సార్లు కడిగితే ఉప్పూ ఇసుకా పోతాయి. వంకాయతోనో చింతచిగురుతోనో వండి, చిన్నపిల్లలకు బాగా నలిపి పెట్టండి.

ప్రశ్న: నీళ్లు నిలబెట్టిన వరిచేల వల్ల భూమి వేడెక్కుతోందని మొన్న సమావేశంలో చెప్పారు. దాళ్వాలో (రబీ పంటలో) నీళ్లు ఆపి ఆపి పెట్టమన్నారు. నేను కౌలుకు చేస్తున్నాను. మేం పండించేది పాపమా? మీరేమంటారు?
— కౌలు రైతు, మొగల్తూరు మండలం

జవాబు: పాపం కాదు. నీటి కింద గాలి ఆడని బురదలో సూక్ష్మజీవులు భూమిని వేడెక్కించే మీథేన్ వాయువును తయారుచేయడం నిజం. మనుషుల పనుల వల్ల వెలువడే మీథేన్‌లో వరిచేల వాటా పదో వంతుకు కాస్త అటూ ఇటూగా ఉంటుందని అంచనా. కానీ ఆ నింద మోయవలసినది అన్నం, పప్పుచారుతో పూట గడిపే ఇల్లు కాదు. 2025లో వెలువడిన ఈట్-లాన్సెట్ రెండో నివేదిక ప్రకారం, ఆహారం వల్ల పర్యావరణం మీద పడే భారంలో 70 శాతానికి పైగా ప్రపంచ జనాభాలో సంపన్నులైన 30 శాతం మంది తిండి వల్లనే పడుతోంది.

మీకు చెప్పిన పద్ధతి మాత్రం మంచిదే. చేలో చిల్లులున్న గొట్టం పాతి, లోపల నీరు నేలమట్టానికి 15 సెంటీమీటర్ల దిగువకు జారాకే మళ్లీ తడి ఇస్తారు. పూత దశలో మాత్రం నీరు పలచగా నిలిపి ఉంచుతారు. సరిగా చేస్తే దిగుబడి తగ్గకుండానే మీథేన్ 30 నుంచి 50 శాతం దాకా తగ్గుతుంది, నీరూ ఆదా అవుతుంది. అయితే ఈ పద్ధతికి, కావలసినప్పుడు నీరు పెట్టగలగడం, వద్దనుకున్నప్పుడు తీయగలగడం, రెండూ రైతు చేతిలో ఉండాలి. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయినప్పటి నుంచి మన చేలకు నీరు కాలువ వంతును బట్టి, పైచేను నుంచి కిందిచేనుకు గట్టు గండి ద్వారా వస్తోంది. శివారు భూమిలో ఉన్న మీకు తడి ఎప్పుడొస్తుందో తెలియనప్పుడు, చేను ఆరబెట్టమంటే ధైర్యం ఎలా వస్తుంది? సముద్రం దగ్గరి చేలల్లో ఆరితే ఉప్పు పైకి తేలుతుందన్న భయం కూడా న్యాయమైనదే. సార్వాలోనైతే (ఖరీఫ్ పంటలో) మురుగు కాలువలు పూడి నీరు దిగకపోవడమే అసలు కష్టం. 2011లో కోనసీమ రైతులు నిరసనగా సాగు మానేసి పంట విరామం ప్రకటించినప్పుడు చెప్పుకున్న బాధల్లో అదీ ఒకటి.

అందువల్ల ఈ మార్పును విడివిడిగా రైతుల నెత్తిన పెట్టకుండా, ఒక పిల్లకాలువ కింది చేలన్నిటికీ కలిపి వంతులు నిర్ణయించి అమలు చేయాలి. మీథేన్ తగ్గించినందుకు ఎవరైనా డబ్బు ఇస్తామంటే, అది పొలం హక్కుదారుకు పోతుందా, దిగి గొట్టం చూసే మీకు వస్తుందా అన్నది ముందే కాగితం మీద రాయించుకోండి. 2019 పంట సాగుదారుల హక్కుల చట్టం కింద కౌలు రైతుకు ఇచ్చే కార్డుకు భూమి యజమాని సంతకం కావలసి రావడంతో ఎంతమంది కౌలుదారులు బయటే మిగిలిపోయారో మీకు నాకంటే బాగా తెలుసు.

దాళ్వాకు నీరు అందదని ముందే తేలిన ఏడాది, కోతకు రెండు మూడు రోజుల ముందు వరిలోనే మినుము గానీ పెసర గానీ చల్లండి. మిగిలిన పదునుతో పండే ఆ పంట నేలకు నత్రజనిని, ఇంటికి పప్పును ఇస్తుంది.

ప్రశ్న: గృహవిజ్ఞానంలో డిగ్రీ చదువుతున్నాను. మీలా పరిశోధన చేయాలని ఉంది. అసలు మీ పని ఎలా ఉంటుంది?
— విద్యార్థిని, అమలాపురం

జవాబు: అమ్మా, ప్రయోగశాలలో రక్తపరీక్షలు, లెక్కలు ఉన్నా, ఈ పనిలో కష్టమైన భాగం ఇళ్లలో జరుగుతుంది. నిన్న పొద్దుటి నుంచి రాత్రి దాకా ఏం తిన్నారో అడిగి, గిన్నెలు, గరిటెలు ముందు పెట్టి, ఎంత తిన్నారో చూపించమంటాం. మగవాళ్లు, పిల్లలు తిన్న లెక్క త్వరగానే వస్తుంది. ఆడవాళ్లను అడిగితే ‘అందరితో పాటే తిన్నాను’ అంటారు. ‘కూర ఎంత మిగిలింది?’ అని అడిగితే గిన్నె అంచుకు అంటిన పులుసు చూపిస్తారు. రోజులో పది ఆహార వర్గాల్లో కనీసం అయిదైనా తిన్నారా అన్నది స్త్రీల ఆహార వైవిధ్యానికి మేము వాడే కొలత. పప్పు, పాలు, గుడ్డు, చేప, ఆకుకూర, పండు లాంటివి ఒక్కొక్కటిగా రాసుకుంటూ పోతే, పులుసుతో అన్నం కలుపుకున్న ఆ మనిషి లెక్క రెండో మూడో దగ్గర ఆగిపోతుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో 58.8 శాతం మందికి రక్తహీనత ఉందని తేలడానికి, ఇలాంటి పళ్లేలూ ఒక కారణం. అదే సర్వేలో మూడో వంతుకు మించిన స్త్రీలు అధిక బరువుతో ఉన్నట్టు కూడా తేలింది. అన్నం ఎక్కువై మిగతావి తక్కువైన ఒకే ఇంట్లో, ఒక్కోసారి ఒకే మనిషిలో, ఈ రెండూ కలిసి ఉంటాయి.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థలో అనువర్తిత పోషకాహార శాస్త్రంలో పీజీ చేయవచ్చు. దానికి తోడు గణాంకశాస్త్రం బాగా నేర్చుకోండి, వ్యవసాయ అర్థశాస్త్రం కొంతైనా చదవండి. ఈలోగా మీ ఊళ్లోనే, ఒక సంత రోజున కూరగాయల ధరలు, ఆ వారం నాట్లకో కోతలకో వెళ్లిన ఆడవాళ్ల కూలి, రెండూ రాసుకుని, ఒక రోజు కూలితో నలుగురున్న ఇంటికి పైన చెప్పిన 2024 కొలతల ప్రకారం పప్పు, కూరగాయలు, పాలు కొనగలమో లేదో లెక్క వేసి చూడండి. సార్వా నాట్లప్పుడు, కోతలప్పుడు, పని దొరకని రోజుల్లో, మూడుసార్లు ఆ లెక్క వేసి నాకు పంపితే, ఈ శీర్షికలో వేసుకుందాం.